కాలయంత్రం ఎక్కితే ఏ భాష మాట్లాడాలి?

కథల్లో మూడు రకాలు ఉంటాయని నా లెక్క. జరిగిన కథలు, జరిగి ఉండొచ్చు అనిపించే కథలు, ఎప్పటికీ జరగవు అనిపించే కథలు. నాకు చిన్నప్పటినుంచీ మూడో రకం మీదే ప్రాణం. కథలో రాజు వేటకు పోతే నాకు నిద్ర వచ్చేది. అదే రాజు గుర్రానికి రెక్కలు మొలిస్తే లేచి కూర్చునేదాన్ని. తొమ్మిదో తరగతికి వచ్చినా ఆ అలవాటు పోలేదు. ఈ రెండు మూడేళ్ళలో నేను చూసినవాటిలో, చదివినవాటిలో నాకు బాగా నచ్చిన వాటి గురించి ఇక్కడ రాస్తున్నాను. ఊరికే ఇది బాగుంది, అది బాగుంది అని జాబితా ఇస్తే చాలదు, ఎందుకు నచ్చిందో ఎక్కడ నచ్చలేదో కూడా రాయాలని తెలుగు సార్ చెప్పినారు. అందుకే కొంచెం పొడుగైంది. చదివేవాళ్ళు ఓపిక పట్టాలి.

ఈ జరగని కథలను రెండుగా విడదీస్తారు. మాయలు, మంత్రాలు, దేవతలు, రాక్షసులు ఉంటే ఫాంటసీ అంటారు. యంత్రాలు, గ్రహాలు, రేపటి ప్రపంచం ఉంటే సైన్స్ ఫిక్షన్ అంటారు. ఈ తేడా నాకు సినిమాలు చూసి తెలియలేదు. మా ఊరి బూడిద వల్ల తెలిసింది.

కుడతిని నుంచి హొసపేటె పోయే దారిలో కొండల నడుమ పాతకాలపు బూడిద దిబ్బ ఉంది. పాత రాతల్లో ఆ చోటు పేరు బూదికనుమ. బూది అంటే బూడిద, కనుమ అంటే కొండల మధ్య దారి. అది రాక్షసుణ్ణి కాల్చిన బూడిద అని మా అవ్వ చెప్తుంది. "ఒక మనిషిని కాలిస్తే గంపెడు బూడిద గూడ రాదు కద పాపా. ఇంత దిబ్బ అయిందంటే వాడు యెంత ఉండాల?" అంటుంది. అవ్వ కథలో గూడ లెక్క ఉంది చూడండి!

అదే బూడిద గురించి మా సైన్స్ మేడం వేరే విధంగా చెప్పినారు. న్యూబోల్డ్ అనే ఇంగ్లీషు సైనికాధికారి 1840ల్లోనే ఈ దిబ్బల గురించి రాసినాడంట. ఇది అగ్నిపర్వతం బూడిద అని కొందరు, ఇనుము కరిగించిన చిట్టెం అని కొందరు అనుకున్నారు. రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇది ఆవుల పేడ కాలిన బూడిద అన్నాడు. చివరికి 1957లో ఆల్చిన్ అనే పురావస్తు శాస్త్రవేత్త మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో ఇట్లాంటి దిబ్బనే తవ్వితే, లోపల ఆవుల గిట్టల అచ్చులు కనబడినాయి. అంటే వేల ఏళ్ళ కిందట ఇక్కడ పశువుల మందలు మేపుకునేవాళ్ళు దొడ్లు కట్టి, పేడను కుప్ప పోసి, కొన్నేళ్ళకొకసారి తగలబెట్టేవారన్న మాట.

అవ్వ చెప్పింది ఫాంటసీ. మేడం చెప్పింది సైన్స్. మేడం చెప్పింది విన్నాక నాకొక ఆలోచన వచ్చింది. ఆ దొడ్లో నా వయసు పిల్ల ఒకతె పేడ ఎత్తుతూ ఉండి ఉంటుంది కదా, నేను ఆ రోజుకు పోయి ఆమెను చూడగలిగితే ఎట్లుంటుంది? ఆ ఆలోచన సైన్స్ ఫిక్షన్. మూడూ ఒకే ప్రశ్న నుంచి పుట్టినాయి: ఇంత బూడిద ఎట్లా వచ్చింది? అందుకని ఫాంటసీ తక్కువ, సైన్స్ ఫిక్షన్ ఎక్కువ అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

ఇక నా జాబితాలో మొదటిది కొత్త సినిమా కాదు. సింగీతం శ్రీనివాసరావు గారు తీసిన 'ఆదిత్య 369'. 1991లో వచ్చింది, అప్పటికి మా అమ్మ కూడా బడిపిల్లే. 2025 ఏప్రిల్‌లో మళ్ళీ థియేటర్లలో విడుదలైంది. ఆ సందడి విని నేను ఇంట్లో టీవీలో చూసినాను. ప్రొఫెసర్ రాందాసు ఒక కాలయంత్రం తయారు చేస్తాడు. హెచ్.జి.వెల్స్ అనే ఇంగ్లీషు రచయిత 1895లో రాసిన 'టైమ్ మెషీన్' నవల చూసి వచ్చిన ఆలోచన అది. ఆ యంత్రంలో హీరో, హీరోయిన్ శ్రీకృష్ణదేవరాయల కాలానికి పోతారు. అంటే ఎక్కడికి? హంపికి!

మా ఊరినుంచి హంపి ఒక పూటలో పోయి రాగలిగిన దూరం. బడి నుంచి రెండుసార్లు పోయినాం. రాతి రథం, విఠల దేవాలయం, పడిపోయిన బజారు స్తంభాలు అన్నీ చూసినాం. 1565 యుద్ధం తర్వాత ఆ నగరం పాడుపడింది. మేము చూసినప్పుడల్లా అక్కడ రాళ్ళు ఉంటాయి, ఫోటోలు తీసుకునేవాళ్ళు ఉంటారు. సినిమాలో మాత్రం ఆ వీధుల్లో మనుషులు తిరుగుతుంటారు. తెనాలి రామకృష్ణుడు ఎదురొస్తాడు. రాయలు కొలువు తీరి ఉంటాడు. నాకు ఆ సినిమాలో నచ్చింది అదే. మాకు హంపికి పోవడానికి బస్సు చాలు, కానీ హంపిలో మనుషుల్ని చూడాలంటే కాలయంత్రం కావాలి.

ఇంకొకటి. హీరో రాయల కొలువుకు పోయి తెలుగులో మాట్లాడితే ఎవరూ ఆశ్చర్యపోరు. రాయలు తెలుగులో 'ఆముక్తమాల్యద' రాసినవాడు కాబట్టి అది సరే. ఆ తర్వాత యంత్రం ముందుకు పోతుంది, 2504వ సంవత్సరానికి. అప్పటికి మూడో ప్రపంచ యుద్ధం జరిగి, పైన వికిరణం ఎక్కువై, మనుషులు నేల కింద బతుకుతుంటారు. వాళ్ళూ తెలుగే మాట్లాడతారు! సినిమా కాబట్టి అట్లా పెట్టినారని నాకు తెలుసు. అయినా ఆ మాట నా మనసులో నిలిచిపోయింది. ఎందుకు నిలిచిపోయిందో తర్వాత చెప్తాను.

రెండోది 2022లో వచ్చిన 'ఒకే ఒక జీవితం'. శ్రీ కార్తిక్ దీని దర్శకుడు. శర్వానంద్ హీరో, అమల గారు అతని తల్లి. ఆది అనే అబ్బాయికి పాట పాడాలంటే భయం. తల్లి చిన్నప్పుడే ప్రమాదంలో పోయింది. నాజర్ గారు వేసిన శాస్త్రవేత్త వచ్చి, కాలయంత్రంలో 1998కి పంపిస్తానంటాడు. ఆది, అతని ఇద్దరు స్నేహితులు ముగ్గురూ పోతారు. ఒక్కొక్కరికీ బాగు చేసుకోవాల్సింది ఒక్కొక్కటి ఉంటుంది. ఆది తల్లిని బతికించుకోవాలనుకుంటాడు.

ఈ సినిమాలో యుద్ధాలు లేవు, రాక్షసులు లేరు. యంత్రం కూడా పెద్ద ఆర్భాటంగా ఉండదు. తల్లి వంట చేసి కొడుక్కి అన్నం పెట్టడం, ఆ కొడుకే పెద్దవాడై పక్కనుంచి దాన్ని చూడటం, అంతే. మా అమ్మ ఈ సినిమా మధ్యలో లేచి వంటింట్లోకి పోయింది. చాలాసేపు రాలేదు. మా అమ్మమ్మ కరోనా రెండో అలలో పోయింది. అప్పుడు అమ్మ ఆఖరి చూపుకు కూడా పోలేకపోయింది. సినిమా అయిపోయినాక "ఏమ్మా, నువ్వయితే ఏ రోజుకు పోతావు?" అని అడిగినాను. అమ్మ ఏ రోజో చెప్పలేదు. "పోయి ఏం చేస్తాను, కాసేపు కూర్చుంటాను" అన్నది. ఆ సినిమాలో ఆది నేర్చుకునేది కూడా దాదాపు ఇదే. విధిని మార్చలేకపోయినా, తల్లితో గడిపిన కాసేపు అతని భయాన్ని పోగొడుతుంది. సైన్స్ ఫిక్షన్ అంటే లేజర్లు, రాకెట్లు అనుకునేవాళ్ళు ఈ సినిమా చూడాలి.

అదే 2022లో వచ్చిన 'బింబిసార' కూడా కాలం దాటే కథే. క్రూరుడైన పాతకాలపు రాజు మన కాలంలో వచ్చి పడతాడు. ఇక్కడ అతన్ని చూసి ఎవరూ దండం పెట్టరు. అహంకారం దిగడానికి మంచి ఉపాయం అది. నవ్వుకోవడానికి బాగుంది. కానీ ఆ రాజు వందల ఏళ్ళ కిందటి నుంచి వచ్చి మాట్లాడితే ఇక్కడివాళ్ళందరికీ టక్కున అర్థమైపోతుంది. ఈ మాట తెలుగు సార్‌కు చెప్తే, "నన్నయ కాలానికి పోయి సంతలో కూరగాయలు బేరం చేయాలన్నా మనకు కష్టమే" అని నవ్వినారు. నన్నయ పదకొండో శతాబ్దం కవి. భాష కూడా కాలయంత్రంలో ప్రయాణం చేస్తూనే ఉంటుందని, ఎక్కిన చోట ఉన్నట్టు దిగిన చోట ఉండదని ఆ రోజు తెలుసుకున్నాను.

మూడోది 'హనుమాన్'. 2024 సంక్రాంతికి వచ్చింది. ప్రశాంత్ వర్మ దర్శకుడు, తేజ సజ్జ హీరో. అంజనాద్రి అనే కల్పిత ఊరు. ఆ పేరు వినగానే మా క్లాసులో అందరం గోల చేసినాం, ఎందుకంటే ఆంజనేయుడు పుట్టిన కొండ అని భక్తులు నమ్మే అంజనాద్రి హంపి అవతల ఆనెగొంది దగ్గర ఉంది. హనుమంతు అనే అల్లరి పిల్లవాడికి నీళ్ళలో ఒక మణి దొరుకుతుంది. సూర్యకాంతి ఉన్నప్పుడు దాని వల్ల అతనికి బలం వస్తుంది, చీకటి పడితే పోతుంది. నాకు ఈ షరతు బాగా నచ్చింది. హద్దు లేని బలం ఉంటే కథలో భయం ఉండదు. పొద్దు గుంకుతున్నప్పుడల్లా మనకు గుండె దడ పుడుతుంది.

ఈ కథలో విలన్ మైకేల్‌కు చిన్నప్పటినుంచి సూపర్‌హీరో కావాలని పిచ్చి. ఎంత డబ్బు ఖర్చు పెట్టినా, ఎన్ని పరికరాలు తెచ్చినా కాలేకపోతాడు. మా ఊర్లాంటి ఊర్లో, అక్క చాటున పెరిగిన ఒక పనికిమాలినవాడు అవుతాడు. సూపర్‌హీరోలంటే న్యూయార్కులో ఎత్తైన మేడల మీదే ఎగరాలని ఎక్కడా రాసి లేదు కదా! 2025 సెప్టెంబరులో వచ్చిన 'మిరాయ్' లో కూడా తేజ సజ్జనే హీరో. అశోకుడు దాచిపెట్టిన తొమ్మిది గ్రంథాల కథ అది. బొమ్మలు బాగున్నాయి. నాకయితే హనుమంతు ఊరే ఎక్కువ నచ్చింది.

నాలుగోది 'కల్కి 2898 ఏడీ'. 2024 జూన్‌లో వచ్చింది, నాగ్ అశ్విన్ దర్శకుడు. దీన్ని నాయనతో కలిసి బళ్ళారిలో థియేటర్లో చూసినాను. మా నాయన థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి సిమెంటు ఫ్యాక్టరీలకు బూడిద తీసుకుపోయే బల్కర్ లారీ నడుపుతాడు. మా ఊరి పక్కనున్న ఆ కేంద్రంలో మూడు యూనిట్లు కలిపి 1,700 మెగావాట్లు. బొగ్గు కాలితే బూడిద వస్తుంది, ఆ బూడిద సిమెంటులో, ఇటుకల్లో కలుస్తుంది. కాబట్టి మా ఇంట్లో బూడిద కథలు ఇద్దరు చెప్తారు. అవ్వది పాత బూడిద, నాయనది కొత్త బూడిద.

సినిమాలో భూమి మీద మిగిలిన ఆఖరి నగరం కాశీ. గంగ ఎండిపోయింది. అంతా దుమ్ము. దాని మీద ఆకాశంలో తలకిందులుగా పెట్టిన పిరమిడ్ లాగా కాంప్లెక్స్ వేలాడుతుంటుంది. నీళ్ళు, చెట్లు, తిండి అన్నీ అక్కడే. కిందివాళ్ళు 'యూనిట్లు' సంపాదించి ఎప్పటికైనా పైకి పోవాలని బతుకుతుంటారు. భైరవ కూడా అదే ఆశతో ఉంటాడు. అతని బండి బుజ్జి మాట్లాడుతుంది. సినిమా కోసం ఆ బండిని నిజంగానే ఆరు టన్నుల బరువుతో తయారు చేసినారు. నాయన కళ్ళన్నీ దాని మీదే. "ఇంత బరువు పెట్టుకొని మలుపు ఎట్ల తిప్పుతాడు వాడు?" అని సినిమా అంతా అదే అడిగినాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో నాయన "పైనోళ్ళకు నీళ్ళు, కిందోళ్ళకు దుమ్ము. ఆరు వేల ఏళ్ళయినా ఇంతేనా పాపా?" అన్నాడు. నాకు వెంటనే వెల్స్ నవల గుర్తొచ్చింది. దాని కథాసారం సైన్స్ మేడం చెప్పినారు. అందులో కాలయాత్రికుడు 8,02,701వ సంవత్సరానికి పోతాడు. అక్కడ మనుషులు రెండు జాతులైపోయి ఉంటారు. పైన సుఖంగా ఆడుకునేవాళ్ళు ఒక జాతి, నేల కింద యంత్రాల దగ్గర ఉండేవాళ్ళు ఒక జాతి. ఇంగ్లండులో కూర్చొని 1895లో వెల్స్ రాసింది, హైదరాబాదులో కూర్చొని నాగ్ అశ్విన్ తీసింది, బస్సులో కూర్చొని మా నాయన అన్నది ఒకటే మాట. మంచి సైన్స్ ఫిక్షన్ రేపటి గురించి చెప్తున్నట్టు ఉంటుంది గానీ, ఈ రోజును చూసే రాస్తారని నాకు అనిపించింది. ఇంకొక సంగతి, కల్కి సినిమాకు సలహాలు ఇచ్చిన పెద్దాయన సింగీతం గారే. 1991లో కాలయంత్రం నడిపినాయన తొంభై ఏళ్ళు దాటినాక కూడా దాని దగ్గరే ఉన్నాడు!

ఇప్పుడు నచ్చని సంగతి. ఈ సినిమాల్లో పాత కాలం వచ్చినప్పుడు తెలుగు మాటలు ఎంత బాగుంటాయో! శంబల, చిరంజీవి, గాండీవం, రుధిరమణి. కొత్త కాలం వచ్చేసరికి కాంప్లెక్స్, యూనిట్స్, ప్రాజెక్ట్, ల్యాబ్. అంటే తెలుగు నిన్నటి భాష, ఇంగ్లీషు రేపటి భాష అన్నట్టు. కష్టం వచ్చినప్పుడు కూడా పరిష్కారం పురాణం నుంచే వస్తుంది. రేపటి మనిషి తన తెలివితో, తన భాషలో ఒక సమస్య తీర్చుకున్న తెలుగు సినిమా నేను ఇంకా చూడలేదు.

ఇది నాకు ఎందుకు పట్టిందంటే, ఈ జూన్‌లో మా చెల్లెలిని మా బడి మాన్పించి ఇంగ్లీషు మీడియంలో చేర్చినారు. అమ్మానాయనలది తప్పని నేను అనడం లేదు. ఇంట్లో తెలుగు, అంగట్లో కన్నడ, నౌకరికి ఇంగ్లీషు, ఇది బళ్ళారి ప్రాంతంలో అందరికీ తెలిసిన లెక్కే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం అటు పోయినాయి, బళ్ళారి ఇటు వచ్చింది. అప్పటినుంచి మా తాతలు రెండు భాషల్లో బతకడం నేర్చుకున్నారు. కన్నడ మాకు పరాయిది కాదు. కానీ మా తరగతిలో మొదట్లో రెండు వరుసల బెంచీలు నిండేవి. ఇప్పుడు ఒక వరుస చాలు. చెల్లెలు పోయే ముందురోజు నాతో ఒక మాట అన్నది. "అక్కా, నీకు రాకెట్లు, గ్రహాలు అంటే అంత ఇష్టం కదా. అవన్నీ ఇంగ్లీషులో ఉండేవే. తెలుగులో రాకెట్ గురించి ఎవరు రాస్తారు?"

దానికి జవాబు నేను ఆ రోజు చెప్పలేదు. తర్వాత వెతికినాను. దొరికింది చెప్తాను.

మొదటిది, మా బడి లైబ్రరీలో పాత 'చందమామ' లు ఉన్నాయి. 1947లో మొదలైన పత్రిక అది. అందులో దాసరి సుబ్రహ్మణ్యం గారు 'తోకచుక్క', 'జ్వాలాద్వీపం', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' లాంటి ధారావాహికలు రాసినారు. చిత్రా గారి బొమ్మలు. ఒక్కో భాగం చివర ప్రాణం గుప్పిట్లో పెట్టుకొని ఆగాల్సిందే. ఆ కథల్లోని విచిత్ర జంతువులు, మంత్రగాళ్ళు, కోటలు ఏ కంప్యూటరు సహాయం లేకుండా ఉత్త తెలుగు మాటలతో కట్టినవి. రెండోది, విశ్వనాథ సత్యనారాయణ గారి చిన్న నవల 'హాహాహూహూ'. గుర్రపు తల ఉన్న గంధర్వుడు లండన్ నగరం నడిబొడ్డున పడిపోతాడు. ఇంగ్లీషువాళ్ళు అతన్ని చూసి ఇదేం జంతువు అని పరీక్షలు చేస్తారు. అతనేమో వీళ్ళే వింత జంతువులన్నట్టు చూస్తాడు. స్వాతంత్ర్యం రాకముందే రాసిన కథ అంట. వేరే గ్రహం జీవి భూమ్మీద దిగే సినిమాలు ఎన్ని వచ్చినా, ఈ గంధర్వుడంత పొగరు ఎవరికీ లేదు.

మూడోది నాకు అన్నిటికంటే ధైర్యం ఇచ్చింది. జయంత్ నార్లీకర్ గారు పెద్ద ఖగోళ శాస్త్రవేత్త. ఫ్రెడ్ హాయిల్‌తో కలిసి విశ్వం గురించి సిద్ధాంతం ప్రతిపాదించినాయన. 2025 మే నెలలో పుణెలో చనిపోయినారు. 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్తు వాళ్ళు సైన్స్ కథల పోటీ పెడితే ఆయన 'కృష్ణ వివర్' అనే కథ పంపినారు. కృష్ణ వివర్ అంటే మనం చెప్పే కృష్ణబిలం. పెద్ద పేరు చూసి బహుమతి ఇస్తారేమోనని వేరే పేరుతో పంపినారు. చేతిరాత గుర్తుపడతారని భార్య చేత రాయించినారు. మొదటి బహుమతి వచ్చింది. కేంబ్రిడ్జిలో చదివి, ఇంగ్లీషులో పరిశోధన చేసే మనిషి, కథ దగ్గరికి వచ్చేసరికి తన మరాఠీలో రాసినాడు. ఆ భాషలో కృష్ణబిలం గురించి చెప్పడానికి ఆయనకు మాటలు తక్కువ కాలేదు.

మరి మనకు తక్కువా? గురుత్వాకర్షణ, కాంతి సంవత్సరం, కక్ష్య, వికిరణం, పలాయన వేగం, నీహారిక. ఈ మాటలు ఎక్కడ ఉన్నాయి? సినిమాల్లో లేవు. మా ఇళ్ళల్లో లేవు. మా తెలుగు మీడియం సైన్స్ క్లాసులో ఉన్నాయి. పరీక్షల కోసం బట్టీ పట్టేటప్పుడు ఇవి నోరు తిరగని మాటలని మేమే విసుక్కుంటాం. కానీ పలాయన వేగం అన్న మాటను ఒకసారి నెమ్మదిగా చదవండి. భూమి పట్టు వదిలించుకొని పారిపోవడానికి కావాల్సిన వేగం అని ఆ రెండు పదాల్లోనే అర్థమైపోతుంది. ఎవరూ విడమరిచి చెప్పనక్కర లేదు. రేపటి గురించి తెలుగులో కథ రాయాలంటే కావాల్సిన సామాను ఇదే. ఆ సామాను రోజూ చేతిలో పట్టుకునేది మా లాంటి బడుల్లో చదివే పిల్లలే. మా తరగతుల్లో బెంచీలు ఖాళీ అయితే, ఈ మాటలు పలికే నోళ్ళు కూడా ఖాళీ అయిపోతాయి. ఆదిత్య 369లో 2504వ సంవత్సరం మనుషులు తెలుగు మాట్లాడటం నాకు ఎందుకు మనసులో నిలిచిపోయిందో ఇప్పుడు అర్థమై ఉంటుంది. అది సినిమాలో సులభంగా జరిగిపోయింది. బయట ఎవరో ఒకరు పూనుకుంటేనే జరుగుతుంది.

మా బళ్ళారి వాళ్ళకు ఇది కొత్త పని కాదు. కోలాచలం శ్రీనివాసరావు గారు బళ్ళారిలో వకీలు పని చేసుకుంటూనే విజయనగరం కూలిపోయిన కథను తెలుగు నాటకంగా రాసినారు. బళ్ళారి రాఘవ గారు దేశమంతా మెచ్చుకునేటట్టు నటించినారు. నిన్నటి కథలను ఈ గడ్డ మీద తెలుగులో చెప్పినవాళ్ళు ఉన్నారు. రేపటి కథ చెప్పేవాళ్ళు కావాలి.

అందుకే నేనొక కథ మొదలు పెట్టినాను. ఇంకా నాలుగు పేజీలే అయింది. నాలుగు వేల ఏళ్ళ తర్వాత మా ఊర్లో ఒక పిల్ల తవ్వకాల పనికి పోతుంది. ఆమెకు రెండు బూడిదలు దొరుకుతాయి. ఒకదాంట్లో ఆవు గిట్టల అచ్చులు ఉంటాయి. రెండోది సన్నగా, సిమెంటు లాగా, ఎంత తవ్వినా తరగనంత ఉంటుంది. ఇంత బూడిద రావాలంటే వీళ్ళు ఏమి కాల్చి ఉంటారు, ఎందుకు కాల్చి ఉంటారు అని ఆమె ఆలోచిస్తుంది. పక్కనున్న ముసలామె "రాక్షసుణ్ణి కాల్చినారు" అంటుంది. ఇంతవరకు రాసి అవ్వకు చదివి వినిపించినాను. అవ్వ విని, "ఆ ముసల్ది నేనే కదా?" అన్నది. అవునన్నాను. "అయితే దాని చేత ఇంకో రెండు మాటలు ఎక్కువ మాట్లాడించు" అన్నది. నాయనకు చదివితే, రెండో బూడిద సిమెంటులో కలిసి మేడలయిపోయి ఉంటుంది కదా, అంత ఎక్కడ మిగులుతుంది అని అడిగినాడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. దాన్ని కథలో ఎట్లా సర్దాలో ఆలోచిస్తున్నాను.

చెల్లెలు మాత్రం ఆ నాలుగు పేజీలు తనే తీసుకొని చదివింది. ఒకచోట నేను 'రేడియేషన్' అని రాసి ఉంటే పెన్సిలుతో కొట్టేసి 'వికిరణం' అని రాసింది. ఏమీ అనలేదు, నోటుపుస్తకం నా బల్ల మీద పెట్టి పోయింది.

చివరగా మా ఉపాధ్యాయులకు, పెద్దలకు ఒక విన్నపం. మన లైబ్రరీలో సైన్స్ కథలకు, వింత కథలకు వేరుగా ఒక అర పెట్టండి. పాత చందమామలు చిరిగిపోకముందే అట్టలు వేయించండి. నార్లీకర్ గారికి ఒక పోటీ దొరికినట్టు మాకూ ఒక పోటీ పెట్టండి. షరతు ఒక్కటే చాలు: కథ రేపటిదై ఉండాలి, కుడతినిలోనో చుట్టుపక్కలనో జరగాలి, తెలుగులో ఉండాలి. బడి మారిపోయిన పిల్లలను కూడా రానివ్వండి. వచ్చే ఏడాది ఈ పత్రికలో ఆ కథలు చదువుకుందాం. తోటి విద్యార్థులారా, మీలో ఎవరి దగ్గరైనా కాలయంత్రం కథ ఉంటే మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టినాక నన్ను కలవండి. లైబ్రరీ కిటికీ పక్క బెంచీ మీదే ఉంటాను.